వాగుడుకాయకు నేర్పిన మౌనం

మరమగ్గాల మిల్లులో నలభై ఏళ్ళు మేస్త్రీగా పనిచేసి బయటికి వచ్చిన నాడు ఆయన వెంట ఇంటికి వచ్చినవి రెండు: మిల్లువారు బహూకరించిన గోడగడియారం, చెవుల్లో స్థిరపడిపోయిన హోరు. గడియారం ఏడాది తిరగకముందే ఆగిపోయింది. హోరు ఆగలేదు. ఎదుట కూర్చుని గొంతెత్తి మాట్లాడితే వినబడేది. గోడ అవతలి నుంచి పిలిస్తే పిలిచినవారి నోరే నొప్పి. కొళాయి కారినా, గిన్నె దొర్లినా, భార్య మూలిగినా ఆయన చెవికి అంతా ఒకటే.

భార్యకు మూర్ఛవ్యాధి ఉండడం వల్ల ఆ చెవుడు చిన్న విషయం కాకుండా పోయింది.

పదిహేనేళ్ళుగా ఆ వ్యాధి ఆమెను అంటిపెట్టుకుని ఉన్నది. నెలకో రెండు నెలలకో ఒకసారి, చెప్పాపెట్టకుండా, నిలుచున్న మనిషి నిలుచున్నట్టే కొయ్యబారి కూలిపోయేది. పళ్ళు గిట్టకరచుకునేవి. బొటనవేళ్ళు లోపలికి ముడుచుకుని, పిడికిళ్ళు రాళ్ళలా బిగుసుకునేవి. వెంటనే పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టాలనీ, బోర్లా పడి ఊపిరి ఆగితే తన చేతిలో కూడా ఏమీ ఉండదనీ డాక్టరు మొదట్లోనే చెప్పాడు. అది మొదలు ఎన్నిసార్లు ఆమెను ఒత్తిగిలించాడో, తెలివి వచ్చే వేళకు చిటికెనవేలు మొదలుకొని ఒక్కొక్క వేలే విప్పి ఆ చేతులను ఎన్నిసార్లు ఒడిలో పెట్టుకున్నాడో లెక్క లేదు. ఆ పని ఆయనకు నిత్యానుష్ఠానం వంటిదయింది.

మేడమీద రెండు గదుల కాపురం. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని మేస్త్రీ నాడెలు బాగుచేసేవాడు. మగ్గంలో పేక నూలును ఇటునుంచి అటు మోసుకుపోయే కొయ్య నాడెకు ఎక్కడ గరుకు తేలినా దారం పుటుక్కున తెగుతుంది. దాన్ని గరుకు కాగితంతో రుద్ది అద్దంలా నునుపు చేయాలి. వెనకగది ఆమెది: పొయ్యి, మంచం, దేవుడి పటం. రెండు గదుల నడుమ ఒకే ఒక గోడ. అయినా ఆ గోడకు ఇవతల ఉన్నది చెవిటి చెవి కాబట్టి, ఆయన అయిదు నిమిషాలకోసారి పని ఆపి తొంగిచూసి వచ్చేవాడు.

ఆ తిరుగుడు చూసి చూసి బావమరిది ఒకనాడు గోనెసంచిలో ఒక కుక్కపిల్లను వేసుకుని వచ్చాడు. ఆయన సరుకుల లారీ డ్రైవరు. మాటలో పదును ఎక్కువ, మనసులో మెత్తదనం ఎక్కువ. మూడు నెలల పిల్ల, గోధుమ రంగు, ఒక చెవి నిలబడింది, ఒకటి వాలింది.

"నీ రెండు చెవులూ కలిపినా దీని వాలిన చెవికి సరిరావు బావా. అక్క పడితే ఇది అరుస్తుంది. దీని అరుపు నీ చెవులకే కాదు, గోడక్కూడా వినపడుద్ది."

ఆ మాట నిజమే. సన్నని ధ్వనులు చేరని ఆ చెవులకు కుక్క అరుపు మాత్రం చేరింది. అది అరిచేదానికీ అంతు లేదు. పాలవాడిని చూసి అరిచింది, కాకిని చూసి అరిచింది, ఆగిపోయిన గడియారాన్ని చూసి అరిచింది. ఆమె దానికి వాగుడుకాయ అని పేరు పెట్టింది.

అరవవలసిన అరుపు ఏదో దానికి తెలియజెప్పడం మేస్త్రీ వంతు. రోజూ మధ్యాహ్నం వెనకగదిలో గోనెపట్టా పరచి, ఆ డెబ్భై ఏళ్ళ మనిషి దబ్బున దానిమీద పడి కాళ్ళు కొట్టుకునేవాడు. కుక్క అరిస్తే చాచిన అరచేతిలోని రొట్టెముక్క దానిది. భార్య గుమ్మానికి ఆనుకుని నవ్వేది.

"చూసేవాళ్ళుంటే రోగం నాకు కాదు, మీకనుకుంటారు."

"నీకన్నా బాగా పడుతున్నానా లేదా, అది చెప్పు."

"నేనెలా పడతానో నాకేం తెలుసండీ? చూసింది మీరేగా," అన్నది ఆమె.

నిజానికి పదిహేనేళ్ళుగా చూసినవాడు ఆయనే. కాని గోనెపట్టా మీద పడినప్పుడు ఆయన చేతులు రెండూ విప్పి ఉండేవి. రొట్టె పెట్టాలి కదా.

నెల తిరగకుండానే విద్య ఫలించింది. ఒక ఉదయం ఆమె పొయ్యి దగ్గర కూలిపోయింది. వాగుడుకాయ ఇల్లెగిరిపోయేటట్లు అరిచింది. మేస్త్రీ బల్ల తన్నుకుని పరుగెత్తి ఆమెను ఒత్తిగిలించాడు. తెలివి వచ్చాక ఆమె కుక్క మెడ నిమిరి, పటం వైపు తిరిగి నమస్కరించి, "ఏ జన్మ బంధమో," అన్నది. ఆ రోజు దానికి రొట్టె మొత్తం దక్కింది.

అయితే దాని తక్కిన అరుపులు తగ్గలేదు. కింది వాటాలో ఒక నర్సు అద్దెకుంటుంది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రపోయేది. ఒకనాడు ఎర్రబడిన కళ్ళతో మెట్లెక్కి వచ్చింది.

"బాబాయ్, మీకు చెప్పేంతదాన్ని కాదు. పగలు నాలుగు గంటలన్నా కన్ను మూతపడకపోతే ఒకరి సూది ఇంకొకరికి గుచ్చేస్తాను. ఇంటి ఓనరుతో చెబితే కుక్కో, కాపురమో తేల్చుకోమంటాడు. నాకది ఇష్టం లేదు. మీరే ఏదో ఒకటి చూడండి."

ఆ పిల్ల కోరినదాంట్లో అన్యాయమేమీ లేదు. మౌనం నేర్పడానికి మేస్త్రీకి ఎక్కువ ఆలోచన కూడా అక్కర్లేకపోయింది. రెండు వందల మగ్గాలు ఒక్కపెట్టున మోగే షెడ్డులో మాట అనేది చెల్లదు; అక్కడ చెయ్యే నోరు. అరచెయ్యి విప్పి చూపితే నడవనీ అని అర్థం. పిడికిలి ఎత్తితే ఆపు. ఆ పిడికిలిని విప్పేదాకా మగ్గం మీద ఎవరూ చెయ్యి వేయరాదు. అది ఆయన నలభై ఏళ్ళు అమలు చేసిన శాసనం.

కుక్కకూ అదే నేర్పాడు. పిడికిలి చూపి, మూతి మూసి, కూర్చోబెట్టి, విప్పిన తరువాత రొట్టె. మొదట పది లెక్కపెట్టేదాకా. ఆపైన పాలవాడు వచ్చి వెళ్ళేదాకా. వర్షాకాలం వెళ్ళేసరికి, ఎంత అరుపు మధ్యలో ఉన్నా పిడికిలి కనబడితే చాలు, వాగుడుకాయ చటుక్కున నోరు మూసి వెనకకాళ్ళ మీద కూర్చుండేది. చూపు ఆ పిడికిలి మీదనుంచి కదిలేది కాదు. వేళ్ళు విచ్చేదాకా ఈగ వాలినా తల విదిలించేది కాదు.

ఆమె కూడా ఆ గుర్తు పట్టుకున్నది. గరిటె పట్టుకున్న చేత్తోనే పిడికిలి చూపి దాని నోరు మూయించేది. "మీ మిల్లంతా నా వంటగదిలోకి వచ్చిపడింది," అని దెప్పేది. బావమరిది వచ్చినప్పుడు మేస్త్రీ ఆ విద్య ప్రదర్శించి, మెప్పు కోసం అతని మొహం వంక చూశాడు.

"మొరిగే కుక్క కరవదంటారు. ఇదేంటి బావా, మొరగనూ మొరగదు, కరవనూ కరవదు. రొట్టెలు మాత్రం తింటది," అన్నాడు బావమరిది. అందరూ నవ్వారు. అయిదు నిమిషాలకోసారి తొంగిచూడడం మేస్త్రీ అప్పటికే మానేశాడు. కావలి ఉన్న ఇంటికి మళ్ళీ కావలి ఎందుకని.

ఒకనాటి మధ్యాహ్నం ఎండ కిటికీ దిగి బల్లమీదికి వచ్చింది. సాయంత్రానికి ఇవ్వవలసిన నాడెలు ఇంకా మూడున్నాయి. మేస్త్రీ గరుకు కాగితం మడిచి మొదటిదాన్ని రుద్దుతున్నాడు. వెనకగదిలో వాగుడుకాయ అరిచింది.

ఒక్కసారి అరిచింది. ఆయన చెయ్యి ఆగింది. తల ఎత్తి గోడవైపు చూశాడు. రెండో అరుపు రాలేదు. ఏ కాకినో చూసి నోరు చేసుకుంటే ఆమె పిడికిలి చూపి ఉంటుందని అనుకున్నాడు. అనుకుని, తనలో తాను చిన్నగా నవ్వుకున్నాడు కూడా. ఎంత ఠక్కున ఆగింది! తన పిడికిలికి మగ్గాలైనా అంత త్వరగా ఆగేవి కావు.

చేతిలోని నాడెను పూర్తిచేశాడు. బొటనవేలితో తడిమి చూసి, తృప్తిపడి, రెండోదాన్ని అందుకున్నాడు. నాడెకు పావుగంట. రెండోది కూడా ముగిశాక, నోరెండి, మంచినీళ్ళకని లేచాడు.

ఆమె మంచానికీ పొయ్యికీ నడుమ బోర్లా పడి ఉన్నది. ముఖం నేలకు ఒత్తుకుని ఉన్నది. కుడిచెయ్యి ముందుకు చాచి ఉన్నది. బొటనవేలు లోపలికి ముడిచిన పిడికిలి. ఆ పిడికిలికి జానెడు దూరంలో వాగుడుకాయ వెనకకాళ్ళ మీద నిటారుగా కూర్చుని ఉన్నది. ఒళ్ళంతా వణుకుతున్నది, నోరు మూసి ఉన్నది. కళ్ళు పిడికిలి మీద ఉన్నవి. ఆయన వచ్చినా అటు తిరగలేదు.

ఒత్తిగిలించాడు. పిలిచాడు. తన గొంతు తనకే వినబడేటంతగా పిలిచాడు. కింది వాటా పిల్ల జుట్టు ముడివేసుకుంటూ పరుగున వచ్చి, మెడ దగ్గర వేళ్ళు ఆనించి చూసి, గుండెమీద రెండు చేతులతో చాలాసేపు నొక్కి, చివరకు ఆయన ముఖంలోకి చూడలేక తల దించుకున్నది. ఆయన చిటికెనవేలు మొదలుకొని ఆ పిడికిలి విప్పబోయాడు. వేళ్ళ మీద తడి తగిలింది. కుక్క దాన్ని నాకి నాకి విప్పడానికి చూసిందని అప్పుడు తెలిసింది.

చేయవలసినవన్నీ చేయించారు. పదమూడు రోజులూ ఇంటిలో మనుషులు మసలారు. ఆయన చెవులకు అది మిల్లు హోరులో కలిసిపోయింది. కుక్క అరవలేదని అందరూ అనుకున్నారు. నీళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళు అన్నారు, చాపలు పరిచేవాళ్ళు అన్నారు. ఆయన విని ఊరుకున్నాడు. ఆ మాట వెనక ఒక నీడ ఉన్నది; ఆ నీడలో కూర్చోవడం ఎంత సుఖమో ఆయనకు తెలిసింది. కుక్కకు నోరు లేదు. తనది ఎలాగూ తెరవనవసరం లేదు. కాని పటం ముందు దీపం పెట్టబోయిన ప్రతిసారీ చేతిలోని అగ్గిపుల్ల ఆరిపోయేదాకా నిలబడి, వెలిగించకుండానే వచ్చేసేవాడు.

పధ్నాలుగో నాడు బావమరిది గోనెసంచి పట్టుకుని వచ్చాడు. నవ్వు లేదు. కుక్క మెడకు తాడు కట్టాడు.

"తెచ్చింది నేనేగా, తీసుకుపోయేదీ నేనే. ఊరి బయట వదిలేస్తాను. తిండి దండగ ముండ. అక్క చేతి కూడు తిని, ఒక్కసారి అరవలేకపోయింది."

మేస్త్రీ బల్ల ముందే కూర్చుని ఉన్నాడు. మూడో నాడె ఇంకా అక్కడే, గరుకుతోనే ఉన్నది. తాడు బిగిసింది. కుక్క ఎదురు తిరగలేదు. ఆయన చేతివైపు మాత్రం చూసింది.

"అరిచిందిరా," అన్నాడు మేస్త్రీ.

బావమరిది ఆగాడు.

"ఒకసారి అరిచింది. నాకు వినపడింది. మీ అక్క నోరు మూయించి ఉంటుందిలే అనుకుని నేను లేవలేదు. రెండు నాడెలు రుద్దాను." ఆయన కుడిచెయ్యి ఎత్తి పిడికిలి బిగించాడు. తాడు మెడకు ఉండగానే వాగుడుకాయ చతికిలబడి, నోరు మూసుకుని, వణుకుతూ ఆ పిడికిలిలోకి చూసింది. "చూశావా. అక్క పడ్డప్పుడు చెయ్యి ఇలాగే ఉంటుంది. పదిహేనేళ్ళు విప్పింది నేనే. అయినా నాకు తోచలేదు."

బావమరిది కుక్కను చూశాడు, పిడికిలిని చూశాడు. అతని మాట నెమ్మదిగా, ఎదుటివాడు చెవిటివాడన్న సంగతి మరచినట్టు వచ్చింది. అయినా మేస్త్రీకి వినబడింది.

"చెప్పకుండా ఉంటే బాగుండేది బావా. దీన్ని తిట్టుకుని బతికేవాణ్ణి."

తాడు విప్పి నేలమీద పడేశాడు. సంచి అక్కడే వదిలి, చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయాడు. అతను మళ్ళీ ఆ మెట్లెక్కడని మేస్త్రీకి తెలుసు.

కుక్క కదలలేదు. ఏమిటా అని చూస్తే తన చెయ్యి ఇంకా బిగిసే ఉన్నది. దాన్ని ఎడమచేత్తో, చిటికెనవేలు మొదలుకొని, ఒక్కొక్క వేలే విప్పాడు. అరచెయ్యి చాచి మోకాలి మీద పెట్టాడు. అందులో రొట్టె లేదు.

వాగుడుకాయ ఆ అరచేతిని చూసింది. వెనకగది గుమ్మం వైపు చూసింది. ఒక్కసారి అరిచింది.

మేస్త్రీ ఈసారి ఆలస్యం చేయలేదు. బల్ల పట్టుకుని లేచి, గబగబా వెనకగదిలోకి నడిచాడు. అక్కడ మంచం గోడకు నిలబెట్టి ఉన్నది. పొయ్యి తుడిచి ఉన్నది. నేల కడిగి ఉన్నది.