సబ్బు తాగిన గోడ

ఇలా దగ్గరికి జరుగు, అమ్మలూ. ఆ చిక్కుడు గింజలు ఒలుస్తూనే విను. రేడియోలో పేరు వినపడినప్పుడల్లా అడుగుతావుగా, బతూల్ ఎవరని. మా అక్క కూతురు, నన్ను ఖాలా అని పిలిచేది. బొమ్మలూ వేసింది, నవలలూ రాసింది. మన అజెమ్మూర్‌లో ఒక్క చేతికి రెండు విద్యలు అబ్బడం నేను చూసింది అదే మొదలు. వాళ్ళింట్లోనే ఉండేదాన్ని కనుక అంతా నా కళ్ళముందే జరిగింది.

కుంచె పట్టడం నేర్పింది ఆమె మొగుడు జిలాలీయే. బడిలో డ్రాయింగు మాస్టారు. పెళ్ళైన కొత్తలో ఆమె వేళ్ళు పట్టుకుని గీతలు దిద్దించి మురిసిపోయేవాడు. తర్వాత ఇద్దరి బొమ్మలూ రబాత్‌లో ప్రదర్శనకు వెళ్ళాయి. ఆమెవి అక్కడే గోడలెక్కాయి. అతనివి గోనెపట్టాలో చుట్టుకుని బస్సెక్కి తిరిగొచ్చాయి. ఆ మూట విప్పనైనా విప్పలేదు, మంచం కిందికి తోసేశాడు.

ఎవరిదైనా బాగుందంటే అది అల్లా దీవెనేనంటూ వెంటనే మన నోట ‘తబారకల్లా’ రావాలి కదా. పసిబిడ్డను చూసినా, రొట్టె చక్కగా పొంగినా. ఆ మాట మింగేసి ఉత్తినే మెచ్చుకుంటే దిష్టి పెట్టినట్టే. జిలాలీ ఆమె బొమ్మ చూసి “బాగుంది” అనేవాడు. అంతే, నోరు మూతపడేది. బతూల్ కుంచె పట్టుకుని ఆ తర్వాతి మాట కోసం అతని ముఖంలోకి చూసేది.

“ఖాలా, రబాత్ వాళ్ళ పొగడ్తలు నాకెందుకు? ఆ ఒక్క మాట ఆయన నోట వినాలి. అది వినకుండా నాకు చెయ్యి సాగట్లేదు” అంది ఓ రోజు, పుదీనా తుంచుతూ.

చెయ్యి సాగని రోజుల్లో రాయడానికి కూర్చుంది. అదే నవలయింది, కాసాబ్లాంకాలో అచ్చయింది. ఇంకేముంది, మంగలి కద్దూర్ తన దుకాణంలో అందరి ముందూ అడగనే అడిగాడు: “ఏం మాస్టారూ, బొమ్మల్లో ఎలాగూ మీరు లేరు. పుస్తకంలోనైనా ఉన్నారా? ఏ పేజీనో చెబితే చింపి అద్దానికి అంటిస్తా!” జిలాలీ సగం గడ్డంతోనే లేచి వచ్చేశాడు. ఆ సగం గడ్డాన్ని చూసి వీధి వీధంతా నవ్వింది.

ఆ ఏడే బతూల్ కుంచె ముట్టకుండా మా పెరటి గోడ పట్టింది. నీళ్ళు ఇంకకుండా స్నానాల ఇళ్ళ గోడలు చేసే పద్ధతి. తడి సున్నంలోనే రంగులు కలిపి పూసి, ఏటి రాయితో రుద్ది రుద్ది, నల్ల సబ్బు పట్టించింది. మన నది, పడవ, బురుజు మీద కొంగలు. జిలాలీ బడి నుంచి వస్తూనే ముఖం అటు తిప్పుకుని గదిలోకి పోయేవాడు. ఒక్కసారి ఆగి చూసిన పాపాన పోలేదు.

ఆ గోడ చూడటానికి వస్తున్నామని రబాత్ ప్రదర్శన వాళ్ళ నుంచి కబురొచ్చింది. వాళ్ళొచ్చే ముందు రోజు బతూల్ ఊరి స్నానాల ఇంటికి వెళ్ళింది. జిలాలీ బకెట్లో సున్నం కలుపుతున్నాడు.

“వీధి గోడకేనా, అల్లుడూ?”

“అన్నిటికీ, ఖాలా. రంజాన్ వస్తోందిగా. ఒక్కదాన్ని వదిలేస్తే అలగదూ?”

నవ్వుతూనే అన్నాడు. నేను పిండి చేతులతో బయటికొచ్చేసరికి కొంగలు లేవు. ఏమని తిట్టను? రంజాన్ ముందు సున్నం వేసినవాణ్ణి ఎవరు తప్పుపడతారు?

బతూల్ తడి జుట్టుతో వచ్చి గోడ చూసింది. అరవలేదు. వేలితో ఓసారి తాకి, “ఆరనివ్వు, ఖాలా” అంది. అంతే.

మర్నాడు ఎండెక్కింది. గడపలో రబాత్ వాళ్ళు నిలబడి ఉండగానే సున్నం ఉల్లిపొరల్లా లేచి రాలడం మొదలైంది. సబ్బు తాగిన గోడకు సున్నం ఎక్కడ పడుతుంది? ఆమె పని ఒక్క పూటైనా చూసి ఉంటే మాస్టారికి తెలిసేది. ఒక ముక్కు బయటపడింది, ఒక రెక్క, పడవ, తర్వాత నది మొత్తం. జిలాలీ చీపురుతో కొయ్యబారిపోయాడు.

బతూల్ అతని పక్కకొచ్చి అడిగింది. “ఎలా ఉంది?”

“బాగుంది.”

నేను కొంగు చాటున అయిదు వేళ్ళూ చాపి దిష్టికి అడ్డం పెట్టాను. అతను గోడ దగ్గరికెళ్ళాడు. నీళ్ళ మీద వేలు ఆనించి చాలాసేపు చూశాడు.

“ఈ నీలం నేను నేర్పింది కాదు.”

“కాదు.”

దవడ రాయి నములుతున్నట్టు కదిలింది. “తబారకల్లా.”

“వినపడలేదు.”

“తబారకల్లా అన్నానే తల్లీ! ఊరంతా వినాలా?”

“మాకు వినపడింది మాస్టారూ!” అని పక్క మేడ మీది ఆడవాళ్ళు పెళ్ళిలో లాగా నాలుకలాడించి సంబరంగా కూతలు పెట్టారు. బతూల్ అక్కడే, రాలిన సున్నంలో చతికిలబడి ఏడ్చింది. మర్నాటికి చేతిలో మళ్ళీ కుంచె.

అతని కుళ్ళు పోయిందనుకుంటున్నావా? పోలేదు. ఆ మూట ఇప్పటికీ మంచం కిందే ఉంది. ఆమె కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా ముఖం నల్లబడుతుంది. కానీ ఆ మాట మాత్రం అంటాడు, పళ్ళు బిగించైనా సరే. కడుపు చల్లగా ఉన్నవాడికి ఆ మాటతో పనేముందే? మండేవాడి కోసమే పెద్దలు దాన్ని పెట్టారు.

ఇది గుర్తుంచుకో, అమ్మలూ. నీ ఒళ్ళో కూర్చునేవాళ్ళకు నువ్వూ చెప్పు. చెప్పడం అయ్యాక బతూల్ పేరు తలుచుకుని ఆ మాట అను. మింగేసేవు సుమా.