నల్లమల తీగ

కొండాపూర్‌లోని ఓ ప్రైవేటు ల్యాబ్‌లో రసజ్ఞ పని, మొక్కల రసాలు క్యాన్సర్ కణాల మీద పోసి చూడడం. నాలుగేళ్లలో అరవై మొక్కలు చూసింది. ఒక్కటీ పనికి రాలేదు. ఆ వేసవిలో నల్లమల నుంచి తెప్పించిన ఒక తీగ ఆకురసానికి మాత్రం, రెండు రోజుల్లో గాజు పళ్లెంలోని కణాల్లో ముప్పాతిక వంతు చచ్చిపోయాయి.

డైరెక్టర్ ఉదయ్ భాస్కర్ వెంటనే విలేకరులను పిలిచాడు. మర్నాడు పేపర్లో ‘క్యాన్సర్‌ను చంపే తీగ’ అని వార్త. ఆకులు పట్టుకుని నవ్వుతున్న రసజ్ఞ ఫోటో.

తర్వాతి వారం ఆమె అదే రసం ఆరోగ్యంగా ఉన్న కణాల మీద పోసింది. అవీ చచ్చాయి. కాలేయం కణాలైతే ఒక్క రోజు కూడా నిలవలేదు.

“ఇది మందు కాదండీ, విషం. పేపర్‌వాళ్లకి చెప్పేద్దాం సార్.”

“ఇన్వెస్టర్లు వచ్చేది మూడు నెలల్లో. అందాకా ఆగమ్మా. పేపర్ చూసి ఎవరన్నా ఆకులు తింటారా ఏంటి?”

రసజ్ఞ ఆగింది.

ల్యాబ్‌లో గాజు సామాను కడిగే చంద్రమ్మ అప్పటికి సెలవులో ఉంది. రొమ్ము క్యాన్సర్. ఆరు కీమోల్లో మూడు అయ్యాయి, గడ్డ కరుగుతోందన్నారు డాక్టర్లు. రెండు నెలల తర్వాత ఆమె కూతురు రేఖ ఫోన్ చేసింది, అమ్మ మిమ్మల్ని చూడాలంటోందని.

దవాఖాన మంచం మీద చంద్రమ్మ కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

“కీమో బంద్ జేసిన బిడ్డా. మా ఊరాయన శ్రీశైలం దిక్కు పోయి గా తీగ ఆకు తెచ్చిండు. పొద్దుమాపు కషాయం తాగిన. జర ఎక్కువైందా ఏంది?”

“ఎవరు తాగమన్నారు చంద్రమ్మా?”

“ఎవరనుడేంది? పేపర్ల నువ్వే ఉన్నవ్ గద. నువ్వు అబద్ధమాడవ్ అనుకున్న.”

రసజ్ఞ ఆమె చెయ్యి పట్టుకుంది. “అది విషమని నాకు ముందే తెలుసు. చెప్పలేదు.”

 చంద్రమ్మ చెయ్యి మెల్లగా విడిపించుకుని గోడవైపు తిరిగింది. ఇంత చెడిన కాలేయంతో ఇక కీమో ఇవ్వలేమన్నారు. తొమ్మిదో రోజు ఆమె పోయింది.

రసజ్ఞ పేపర్ ఆఫీసుకు వెళ్లి రెండో పరీక్ష ఫలితం ఇచ్చింది. లోపలి పేజీలో నాలుగు లైన్లు వేశారు. అదే రోజు ఆమె ఉద్యోగం పోయింది.

సామాను సర్దుకుని కిందికి వస్తుంటే గేటు దగ్గర రేఖ కనిపించింది. తల్లి ఐడీ కార్డు తిరిగి ఇవ్వడానికి వచ్చిందట.

“నిజం రాయించిన్రని తెలిసింది మేడమ్,” అంది రేఖ. “గా నాలుగు లైన్లు రెండు నెలల ముందు రాయిస్తే మా అమ్మ సదివేది.”

కార్డు పట్టుకుని ఆమె లోపలికి వెళ్లిపోయింది.