తద్దినం నాటి ప్రయాణం

పద్దెనిమిదేళ్ళుగా నాకొక సందేహం ఉంది. తద్దినంలో ఏదైనా లోపం జరిగితే కోపం వచ్చేది పితృదేవతలకా, ఇంట్లోవాళ్ళకా? నేను దేవుణ్ణి నమ్మే మనిషిని. దీపం పెట్టకుండా కాఫీ తాగను. అందుకే ఆ సందేహం వచ్చినప్పుడల్లా లెంపలు వేసుకుని మళ్ళీ గారెల పప్పు రుబ్బుకునేదాన్ని.

ఈ ఏడు పొరపాటు నాదే. మామగారి తిథి మార్గశిర బహుళ విదియ. గోడమీద క్యాలెండర్లో విదియ అని సోమవారం గడిలో ఉంది. అది చూసి, ఆదివారం కైకలూరులో జరిగే అమ్మాయిల కబడ్డీ ఫైనల్‌కి వస్తానని జగ్గారావుగారికి చెప్పేశాను. ఆయనది మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆటలు ఫోన్లలో లైవ్ ఇచ్చే చిన్న ఛానల్. నెలకి రెండు మూడు ఆటలకి వెళ్ళి నేను వ్యాఖ్యానం చెబుతాను. గురువారం పురోహితులు బుచ్చయ్యగారు ఫోన్ చేసి, "అమ్మాయీ, ఆదివారం మధ్యాహ్నానికే విదియ వచ్చేస్తోంది. సోమవారం మధ్యాహ్నానికి ఉండదు. తద్దినం ఆదివారమే" అన్నారు. క్యాలెండర్లో వేసేది సూర్యోదయానికున్న తిథి, తద్దినానికి చూడాల్సింది మధ్యాహ్నానికున్న తిథి. ఈ ఇంటి కోడల్ని నిద్రలో లేపి అడిగినా చెప్పాల్సిన సంగతి.

"ఎవరెన్ని పాయింట్లు తెచ్చారో గడగడా చెబుతుంది గానీ, తిథి చూడ్డం రాదమ్మా మా కోడలికి" అన్నారు అత్తగారు రత్నాంబగారు, వత్తులు చేసుకుంటూ. మావారు శేషగిరిరావుగారు పేపర్లోంచి తల ఎత్తకుండా, "మానెయ్. వాళ్ళకి నువ్వు కాకపోతే ఇంకోళ్ళు" అన్నారు. నా భయమూ అదే. జగ్గారావుగారు ఎంత మర్యాదగా అన్నారో! "మొన్న వ్రతం అన్నారు, అంతకుముందు మీ అత్తగారి కళ్ళ ఆపరేషన్ అన్నారు. ఈసారి కూడా రాలేకపోతే ఇంకొకర్ని చూసుకుంటానండీ. ఏమనుకోకండేం."

ఇంటర్‌తో చదువు ఆగినదాన్ని, వేరే ఉద్యోగం ఎవరిస్తారు? మైకు ముందు కూర్చున్న ఆ గంటన్నరే నన్ను ఎవరూ కూరలో ఉప్పెందుకు తగ్గిందని అడగని సమయం. అది పోతే ఇంక రాదు.

ఆదివారం తెల్లవారకుండానే మడి కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాను. అరటికాయ కూర, గారెలు, నువ్వుండలు, పరమాన్నం. చేతులు చేసుకుపోతున్నాయి గానీ కళ్ళు గడియారం మీదే ఉన్నాయి. నాలుగింటికి ఆట. రెండింటి బస్సు ఎక్కితే అందుకోగలను. భోక్తలిద్దరూ చేతులు కడుక్కున్నాక, బుచ్చయ్యగారికి దక్షిణ తాంబూలం అందిస్తూ అడిగేశాను.

"బాబాయిగారూ, తద్దినం పెట్టిన రోజు ప్రయాణం చేయకూడదంటారు కదండీ. ఎవరికండీ ఆ నియమం?"

"కర్తకమ్మా, అంటే మీ ఆయనకి. భోక్తలక్కూడా."

"మరి వంట చేసినవాళ్ళకండీ?"

ఆయన దక్షిణ కండువా చివర ముడేసుకున్నారు. "నీ సంగతి పుస్తకంలో లేదమ్మా" అన్నారు. ఈలోపు భోజనం చేసిన ఇద్దరిలో ఒకాయన దెందులూరులో ఇంకో పని ఉందంటూ స్కూటర్ తీశారు. ప్రయాణం కూడదని ఆయన్నెవరూ ఆపలేదు.

పొద్దుటి నుంచి వండింది నేను, వడ్డించింది నేను. పుస్తకంలో మాత్రం లేను. అందుకు ఏడవాలో, బస్సెక్కాలో తెలియలేదు. పితృశేషం రెండు ముద్దలు తిని, చీర మార్చుకుని, సంచీ తీసుకున్నాను.

"ఇవాళ గడప దాటితే, రేపు పిల్లదానికేమన్నా అయితే నన్నడక్కు" అన్నారు అత్తగారు.

కాళ్ళు ఆగిపోయాయి. పద్నాలుగేళ్ళ హర్షిణి గారె నములుతూ, "నాకేం కాలేదే అమ్మా, చూడు" అంది. మావారు వీధి గుమ్మం దాకా వచ్చారు. "సాయంత్రం అమ్మకి కాఫీ ఎవరిస్తారు?"

"మీరివ్వండి" అన్నాను. అన్నది నేనేనా అనుకుంటూ వీధి మలుపు దాకా వెనక్కి చూడకుండా నడిచాను.

బస్సు కొల్లేటి మీదికి వచ్చేసరికి రెండు వైపులా చేపల చెరువులు. ఎండకి మెరుస్తున్న ఆ నీళ్ళు చూస్తుంటే పిల్ల మొహమే కనబడింది. జ్వరం వచ్చినట్టు, మెట్ల మీద జారినట్టు, గారె గొంతుకడ్డం పడినట్టు. "తండ్రీ, తప్పయితే నాకు చెయ్యి, దానికొద్దు" అని దారంతా దండం పెట్టుకున్నాను. రెండుసార్లు లేచి దిగిపోదామనుకున్నాను. కండక్టర్, "కైకలూరు ఇంకా రాలేదండీ, కూచోండి" అన్నాడు. కూర్చున్నాను.

కోర్టు పక్కనే టెంటు కింద మైకు పెట్టారు. ఎదురుగా కలిదిండి జట్టుకి కోచ్‌గా నిలబడింది చాందిని. నన్ను చూసి నవ్వింది. నేను తల దించుకున్నాను. ఆరేళ్ళ కిందట నేను మైకు పట్టిన మొదటి ఆట ఇక్కడే. ఆఖరి కూతకి వెళ్ళి ఇద్దర్ని తాకి వచ్చి జట్టుని గెలిపించింది ఈ పిల్ల. సరిగ్గా అప్పుడే నా ఒళ్ళో ఫోన్ మోగింది. ఇంట్లో ఏమైందోనన్న కంగారులో ఆ పాయింటుకి కెప్టెన్ పేరు చెప్పేశాను. తీరా చూస్తే ఆ ఫోన్ పాలు తోడేశావా అని అడగడానికి. ఆ వీడియో ఊరూరా తిరిగింది, తప్పు పేరుతోనే. "పర్లేదండీ మేడం, గెలిచాం కదా" అంది చాందిని ఆ రోజు. తర్వాత ఎన్ని ఆటలకి వచ్చినా సరిదిద్దలేదు. తప్పు ఒప్పుకుంటే జగ్గారావుగారు మాన్పించేస్తారని, ఇంట్లో "చెప్పలేదూ, నీకెందుకవన్నీ" అంటారని నా భయం.

కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది. టేబుల్ మీద నా ఫోన్ కూడా వెలిగింది. ఇంటి నుంచే. చెయ్యి ఫోన్ దాకా వెళ్ళింది. దాన్ని బోర్లా తిప్పి పెట్టింది. ఆ భయంతోనే మైకు దగ్గరికి లాక్కున్నాను.

"అందరికీ నమస్కారమండీ. ఆట మొదలయ్యేలోపు ఒక మాట. ఆరేళ్ళ కిందట ఈ కోర్టులోనే ఆఖరి కూతకి వెళ్ళి ఇద్దర్ని అవుట్ చేసి ఫైనల్ గెలిపించిన అమ్మాయి పేరు చాందిని. ఊరు కలిదిండి. ఆ రోజు తప్పు పేరు చెప్పినదాన్ని నేను, కామేశ్వరిని."

కోర్టుకి అవతల చాందిని, పాయింటు తెచ్చిన ఆటగత్తెలా, కుడి చెయ్యి పైకెత్తింది.