పోలండు కోసం కొన్న కోటు

నేను ఒక ఉన్ని కోటును. ముదురు బూడిద రంగు, మోకాళ్ల కిందికి దిగే పొడవు, అరచెయ్యంత వెడల్పు కాలరు. లూధియానాలో నన్ను కుట్టినవాడు చెమట తుడుచుకుంటూ, ఎక్కడో మంచు పడే చోట ఎవరో వెచ్చగా ఉంటారులే అనుకుని ఉంటాడు. మనుషులకు తాము ఎన్నడూ చూడని చోట్ల మీద భలే నమ్మకం. నన్ను మాత్రం విజయనగరంలో, మూడు లాంతర్ల కూడలి దగ్గర, రోడ్డు పక్క తాడు మీద వేలాడదీశారు. చలికాలం అని పేరే గాని, ఆ ఊళ్లో నన్ను తొడుక్కునేంత చలి ఏనాడూ లేదు. వచ్చేపోయేవాళ్లు నన్ను తడిమి, నవ్వుకుని, మఫ్లరు కొనుక్కుని పోయేవారు.

పైడితల్లి నవ్వలేదు. ఆమె ప్రభుత్వ కళాశాలలో తెలుగు చెప్పే లెక్చరరు. నన్ను తొడుక్కుని చూసుకుంది. నా చేతులు ఆమె వేళ్ల చివర్లు దాటి వేలాడాయి.

“మగోళ్ల కోటమ్మా అది,” అన్నాడు అమ్మేవాడు.

“అయితే ఏటి? లోపల రెండు స్వెట్టర్లు పడతాయి,” అంది ఆమె.

పోలండులోని ఒక విశ్వవిద్యాలయం ఆమెకు స్కాలర్‌షిప్ ఇచ్చింది. రెండేళ్లు అక్కడి పిల్లలకు తెలుగు చెప్పాలి, మిగిలిన వేళల్లో తన పరిశోధన చేసుకోవాలి. పరిశోధన ఉత్తరాంధ్ర పల్లెల్లో పాడే జముకుల కథ మీద. ఆ కథలు చెప్పేవాళ్ల వెంట ఊరూరా పదేళ్లు తిరిగి, పాటలన్నీ రికార్డు చేసుకుంది. దరఖాస్తుకు వయసు పరిమితి ఉంది. ఆమెకు అదే ఆఖరి ఏడు.

ఇంటికి తెచ్చాక నన్ను బీరువా పక్కన కొక్కేనికి తగిలించింది. మే నెల ఎండలో, ఫ్యాను ఆపేసి, నన్ను తొడుక్కుని అద్దం ముందు నిలబడి పాఠం చెప్పేది. “మేము అంటే నువ్వు అందులో లేవు. మనం అంటే నువ్వూ ఉన్నావు. మీ భాషలో ఈ తేడా లేదు కదా, మెల్లగా అలవాటవుతుంది.” అద్దంలో లేని పిల్లలను చూసి నవ్వేది. చెమటకు నా లోపలి బట్టంతా తడిసిపోయేది. అంత సంతోషాన్ని నేను మళ్లీ ఏ ఒంటి మీదా ఎరగను.

భర్త సన్యాసిరావు కరెంటాఫీసులో పనిచేసేవాడు. పిల్లలు లేరు. మొదట్లో అతని సంబరం ఆమె సంబరాన్ని మించిపోయింది. ఆఫీసులో మిఠాయిలు పంచాడు. కాలేజీలో ఆమెకు సన్మానం చేస్తే, శాలువా కప్పుతున్నప్పుడు తానూ పక్కన నిలబడి ఫొటో దిగాడు. ఇంటికి ఎవరొచ్చినా నన్ను కొక్కెం నుంచి దించి చూపించేవాడు. “పోలండు చలంటే మాటలు కాదండీ,” అనేవాడు, తానేదో అక్కడే పుట్టినట్టు.

తరువాత ఆఫీసులో వేళాకోళాలు మొదలయ్యాయి. ‘రెండేళ్లు గరిటె తిప్పుతావేటి సన్యాసీ?’ అన్నారట. ‘అక్కడికెళ్లాక నువ్వు గుర్తుంటావేటి?’ అన్నారట. అవి ఇంట్లో ఆమెతో నవ్వుతూనే చెప్పాడు. కొన్నాళ్లకు నవ్వడం మానేశాడు. నన్ను ఎవరికీ చూపించడమూ మానేశాడు.

ఒక మధ్యాహ్నం ఆమె పరీక్షల డ్యూటీకి వెళ్తూ ఫోను ఇంట్లో పెట్టి వెళ్లింది. విశ్వవిద్యాలయం తరఫున ఢిల్లీ నుంచి ఎవరో ఫోను చేశారు. ఫోను ఎత్తింది అతను. ఆమె ఆరోగ్యం బాగాలేదని, ఇక రావడం కుదరదని నిదానంగా చెప్పాడు. రాతపూర్వకంగా కావాలని వాళ్లు అడిగినట్టున్నారు. ఆమె ఫోనులోంచే రెండు ముక్కలు రాసి పంపేశాడు. ఫోను ఎక్కడిదక్కడ పెట్టి, సాయంత్రం ఆమెకు తానే టీ కాచి ఇచ్చాడు.

వారం తరువాత వీసా సంగతి అడుగుదామని ఆమే ఢిల్లీకి ఫోను చేసింది. చోటు వేరొకరికి ఇచ్చేశామన్నారు. ఎంత బతిమాలినా లాభం లేకపోయింది.

“మీరేనా?” అంది.

“నీ మంచికే చేశాను. ఒక్కదానివి అంత దూరంలో ఏటవుతావో అని.”

ఆమె కొక్కెం దగ్గరికి వెళ్లింది. నన్ను మడిచి బీరువా అడుగున పెట్టేసింది. మరుసటి రోజు కాలేజీకి వెళ్లింది. నలుగురూ అడిగితే అతనే ముందుగా “ఆరోగ్యం సహకరించలేదండీ” అనేవాడు. ఆమె తలదించుకునేది.

డిసెంబరులో ఆఫీసువాళ్లంతా కుటుంబాలతో, చలికి పేరుపడ్డ లంబసింగి కొండకు బయలుదేరారు. సన్యాసిరావు అడగకుండానే నన్ను బయటికి తీసి తానే తొడుక్కున్నాడు. మగవాళ్ల కోటును కదా, అతనికి సరిగ్గా సరిపోయాను. సిగ్గుపడవలసిన వేళల్లో కూడా కోటుకు ముడుచుకుపోవడం చేతకాదు.

తెల్లవారుతుండగా టీ దుకాణం ముందు మంట వేసుకుని అందరూ చుట్టూ నిలబడ్డారు. ఆమె పలచటి శాలువాలో వణుకుతోంది. కొత్తగా వచ్చిన ఇంజినీరు ఒకాయన మర్యాదగా అడిగాడు: “మేడం, మీరు పోలండు వెళ్లవలసింది కదా?”

“ఆరోగ్యం సహకరించలేదండీ,” అన్నాడు సన్యాసిరావు.

“నా ఆరోగ్యానికి ఏటయ్యింది?” అంది పైడితల్లి. గొంతు పెంచలేదు. “రాయిలా ఉన్నాను. నా ఫోను తీసి, నేను రానని చెప్పింది ఈయన. ఈయన తొడుక్కున్న కోటు కూడా నాదే.”



“నలుగురిలో ఏటా మాటలు!” అంటూ అతను నన్ను ఒంటి మీంచి లాగి ఆమె కాళ్ల దగ్గర విసిరేశాడు. “తీసుకో నీ కోటు!”

“నాకక్కర్లేదు. దాన్ని నేను పోలండు కోసం కొన్నాను.”

అని రోడ్డు మీదికి నడిచి, అప్పుడే వచ్చిన నర్సీపట్నం బస్సు ఎక్కేసింది. శాలువాతోనే.

నన్ను టీ దుకాణం చిన్నాలమ్మ దులిపి తీసుకుంది. పాలు చల్లారకుండా క్యాను చుట్టూ కప్పింది. చలి ఎక్కువైన పూట తానే తొడుక్కుంటుంది. నా మీద పొగ వాసన, పాల మరకలు. బతుకు చెడ్డగా ఏమీ లేదు.

మరుసటి శీతకాలం ఆ ఆఫీసువాళ్లే మళ్లీ వచ్చారు. అదే చోట మంట వేశారు. సన్యాసిరావు రాలేదేమని ఎవరో అడిగారు. పెద్ద గుమాస్తా దాలినాయుడు టీ ఊదుకుంటూ చెప్పాడు.

“ఎక్కడొస్తాడు, పాపం! ఆవిడ పార్వతీపురం బదిలీ చేయించుకుని ఎల్లిపోయింది. వయసు దాటిపోయింది కదా, ఆ దేశమూ లేదు, ఈ సంసారమూ లేదు. చెప్పుకోవాల్సిందేదో ఇంట్లో చెప్పుకోవాలి గాని, ఇంతమంది ముందు మొగుడి పరువు తీస్తాదా? మంచోడు సన్యాసి.”

నిరుడు అదే మంట దగ్గర ఆమె మాట చెవులారా విన్న ఆడవాళ్లూ మగవాళ్లూ, మర్యాదస్తుడైన ఆ ఇంజినీరుతో సహా, నిజమే నిజమే అని తలలూపారు.

కోటుకు కాలరు ఉంటుంది, చేతులుంటాయి. తల ఉండదు. అందుకే ఆ ఉదయం అక్కడ తల ఊపనిదాన్ని నేనొక్కదాన్నే.