దారానికి అవతల

తన భర్త జానెడు నేల దొంగిలించాడేమోనన్న అనుమానం లెక్కల టీచరమ్మను ఇరవై రెండేళ్లుగా వదల్లేదు.

నిజానికి ఆయన పరుల సొమ్ము ముట్టే మనిషి కాదు. కొట్టువాడు పొరపాటున చిల్లర ఎక్కువిస్తే మండుటెండలో వెనక్కి నడిచి వెళ్లి ఇచ్చి వచ్చేవాడు. అంతటివాడు పక్కింట్లో ఉండే దర్జీ వదిన వాళ్ల సందు మాట వస్తే మాత్రం తలవంచుకుని, కుక్కిన పేనులా ఊరుకునేవాడు. ఆ సందు మరీ ఇరుకు. రెండిళ్ల మధ్య గోడ కాస్త అటు జరిగిందేమోనని ఆమెకు తోచేది. అడగలేదు. అడిగితే అవునంటాడేమోనని భయం.

మూడేళ్ల కిందట ఆయన పోయాడు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం దేవుడి ముందు కూర్చుని ఆయనకు శాంతినిమ్మని వేడుకుంటుంది. వేడుకుంటుండగానే ఆ గోడ వచ్చి అడ్డంగా నిలబడుతుంది. అనుమానం మనసులో పెట్టుకుని చేసే ప్రార్థన పైదాకా వెళ్తుందా, సగం దారిలోనే తిరిగొస్తుందా అన్నది ఆమెకు ఇంకో సందేహం.

ఇల్లు అమ్మేద్దామనుకుంది. నాలుగు గదుల్లో మూడు మూసే ఉంటున్నాయి. ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడాలంటే రేడియోలో వార్తలు చదివేవాడికే జవాబు చెప్పాలి. చెల్లెలుండే వీధిలో రెండు గదుల వాటా ఒకటి చూసుకుని బ్రోకరును పిలిచింది.

"కొనేవాడు గేటు దగ్గరే ధర కట్టేస్తాడమ్మా," అన్నాడతను. "ముందుగోడలకు రంగు, గేటుకు రంగు, పెచ్చులూడిన ప్రహరీకి కొత్త పూత. లోపలి సంగతి తర్వాత."

"పైన పటారం, లోన లొటారం అంటావు."

"నన్ను చూసి కూడా తెలియలేదా అమ్మా," అన్నాడు, రంగేసిన జుట్టు సర్దుకుంటూ.

రంగులవాళ్లు మూడు రోజులు పనిచేశారు. పగుళ్లకు లప్పం పెట్టారు, లేత పసుపు రంగు వేశారు. వాళ్లు వెళ్లాక ఆమె గేటు బయట నిలబడి చూసుకుంది. బాగా బతుకుతున్న వాళ్లెవరిదో ఇల్లులా ఉంది. లోపలికి వెళ్లడానికి మొహమాటం వేసింది.

నాలుగో రోజున ప్రహరీ పనికి, దాన్ని కట్టిన మేస్త్రీయే వచ్చాడు. మనిషి ముసలివాడయ్యాడు గాని చెయ్యి వణకడం లేదు. చెమ్మెక్కిన పూత తీయడానికి దర్జీ వదిన సందు వైపు గోడ మొదట్లో మట్టి తవ్వుతుంటే గడ్డపారకు రాయి తగిలింది. హద్దురాయి. గోడకు ఇవతల, టీచరమ్మ వైపు ఉంది.

"రాయి ఇటుందంటే గోడ మొత్తం పక్కింటి నేల మీదే ఉందమ్మా," అన్నాడు మేస్త్రీ.

ఆమె బోర్లించిన బకెట్టు మీద కూర్చుండిపోయింది. "అయితే ఆయన తెలిసే చేశారన్నమాట."

"సారేం చేశారు? ఆ రోజు ఆయన ఊళ్లోనే లేరు. రెండు హద్దురాళ్ల మీదుగా దారం పట్టాం. ఇటు కొస మీరే పట్టుకున్నారు. గోడ దారానికి ఏ పక్కన లేపమంటారని అడిగితే అవతలన్నారు. ఇవతల కదా కట్టాలి అనుకున్నాను."

"మరి అనలేదేం?"

"లెక్కల టీచరమ్మకు నేను లెక్క చెప్పడమా? అప్పటికే మావాడు మీ దగ్గర రెండుసార్లు తప్పాడు."

ఆమె ఎంత వెదికినా ఆ మాట అన్న గుర్తు లేదు. అనలేదన్న గుర్తూ లేదు. బడి వేళ మించిపోతోందన్న తొందర మాత్రం గుర్తుంది. కొలతలన్నీ ఆయనే ముందుగా చెప్పి వెళ్లి ఉంటారనుకుంది ఇన్నాళ్లూ.

లేచి తిన్నగా పక్కింటికి వెళ్లింది. దర్జీ వదిన కుట్టుమిషను ఆపింది.

"వదినా, గోడ నీ నేలలో ఉంది. తెలుసా?"

"తెలియకేం. కట్టిన వారానికే అన్నయ్య వచ్చి చెప్పాడు. మా ఆవిడ దగ్గరుండి కట్టించుకుని మురిసిపోతోంది, ఇప్పుడు పడగొట్టమంటే చిన్నబుచ్చుకుంటుంది, ఈసారి మరమ్మతు వచ్చినప్పుడు జరిపిస్తాను చెల్లెమ్మా అన్నాడు."

"ఇన్నేళ్లలో ఒక్క మరమ్మతూ రాలేదా?"

"మీ మేస్త్రీ గట్టిగా కట్టి చచ్చాడు మరి."

"నువ్వయినా నాతో ఒక్క మాట అనొచ్చు కదా."

"నీకు చెప్పొద్దన్నాడు వదినా. ఆయన నన్నడిగింది అదొక్కటే."

టీచరమ్మ తిరిగి ఇంటి దారి పట్టింది. తప్పు తనది, తల వంచుకు తిరిగింది ఆయన. అదే తలవంపును చూసి ఇరవై రెండేళ్లు ఆయన్ను దొంగను చేసింది.

గోడ పడగొట్టిస్తోందన్న కబురు తెలిసి బ్రోకరు పరుగున వచ్చాడు. "కనబడని తప్పుకు గోడ పడగొడతారా అమ్మా? జానెడు స్థలం తగ్గితే ధరా తగ్గుతుంది. ఆ రాయి మీద మట్టి కప్పేస్తే సరిపోయె."

"ఇన్నాళ్లూ కప్పే ఉంది," అంది. "మేస్త్రీ, కానివ్వు."

గోడ కూలిన సాయంత్రం ఆమె దేవుడి ముందు కూర్చుంది. ప్రార్థనకు ఏదీ అడ్డం రాలేదు. చేతులు జోడించి, తనను క్షమించమని చాలాసేపు ఆయన్ను అడిగింది. చనిపోయినవాళ్లకు మన మాట అందుతుందని పెద్దలంటారు. అందుతుందేమో. జవాబు మాత్రం రాదు. కాసేపటికి లేచి, రేడియో పెట్టకుండానే ఒక్కతే అన్నం తినేసింది.

అయిదు రోజుల్లో కొత్త గోడ దారానికి ఇవతల లేచింది. తడి ఇంకా ఆరకముందే దర్జీ వదిన సందులోకి వచ్చి, మెడలోని టేపు తీసి అడ్డంగా కొలిచింది. నమ్మకం కుదరక మళ్లీ కొలిచింది.

"తొమ్మిదంగుళాలు పెరిగింది. అన్నయ్య బాకీ తీరింది."

"ఆయనది కాదు వదినా. నాది."

"ఎవరిదైతేనేం," అంది దర్జీ వదిన, టేపు చుట్టుకుంటూ. "ముట్టింది."