అందరికీ ఒకే తాను

క్రిస్మస్ బట్టలకని సువార్తమ్మ గారు అమలాపురం వచ్చేరంటే, కొట్లో ఒక్క తాను దింపించి ఇంటిల్లిపాదికీ అందులోంచే కోయిస్తారు. ఆడపిల్లలిద్దరికీ గౌన్లు, ఆవిడకి జాకెట్టు, భర్త ప్రకాశరావు గారికి చొక్కా. ఇంకా మిగిలితే దిండు గలీబు. పోయినేడు, అంటే ఎనభై రెండులో, చర్చిలో వీళ్ళు నలుగురూ వరసగా నుంచుంటే వెనకాల ఎవరో "కర్టెన్లు లేచి నిలబడ్డాయే" అని కిసుక్కుమన్నారు. పెద్ద కూతురు రూతు ఆ మాట ఏడాదంతా నమిలింది కానీ మింగలేకపోయింది.

ఈ ఏడు రూతు తొమ్మిదో క్లాసు. క్రిస్మస్‌కి స్టేజీ ఎక్కి ఒక్కత్తే పాడాలి. ఆ పూట ఒంటి మీద ఉండేది ఇంకెవరి ఒంటి మీదా ఉండకూడదు. అమ్మని అడిగితే ఏమౌతుందో తెలుసు కాబట్టి అడగలేదు. చెల్లెలు చంటిని తయారుచేసింది. చంటి ఏడిస్తే అమ్మ దగ్గర కాని పని లేదు మరి.

"నే గిల్లగానే ఇంకో గుడ్డ చూపించి, నాకదే కావాలని ఏడు. జీళ్ళు కొంటా."

చంటికోసం ఆ తాను వరస ఒక్కసారి తెగిందా, ఆ సందులోంచి తనూ దూరిపోవచ్చు. లెక్క బాగానే ఉంది.

కొట్టు బుల్లిరాజు గారు పరుపు మీద తాన్లు దొర్లిస్తున్నారు. సువార్తమ్మ గారు ఇటిక రంగు పువ్వుల దాని మీద చెయ్యేసేరు. రూతుకి ఒక కాలు పరుపు దగ్గరుంటే ఒక కాలు గుమ్మంలో ఉంది. బయట ఊరెళ్ళే బస్సు హారనేస్తోంది. ఇంక ఆగలేక గిల్లేసింది.

చంటి కొట్టు అదిరేలా ఎత్తుకుంది. "నాకా పచ్చదే కావాలీ!"

"పాపగారికి గళ్ళు నచ్చేయండి," అన్నారు బుల్లిరాజు గారు.

"సరే, పచ్చదే దింపండి," అన్నారు సువార్తమ్మ గారు. "అందరికీ అదే కోసెయ్యండి."

రూతు లెక్క తప్పింది. చంటి మాత్రం ఠక్కున ఏడుపాపి చెయ్యి చాపింది. "అక్కా, జీళ్ళు?"

సువార్తమ్మ గారు నెమ్మదిగా రూతు కేసి తిరిగేరు. "నీకేం కావాలే?"

"నాకు వేరేది కావాలమ్మా. నా ఒక్కదానికే."

"ఆ కర్టెన్ల మాట నేనూ విన్నానే," అన్నారావిడ. "మా చిన్నప్పుడు కామందు గారింట్లో విడిచిన బట్టలు తలొకటీ తొడుక్కునేవాళ్ళం. నాది జారిపోయేది, మా చెల్లిది ఊపిరాడనిచ్చేది కాదు. మా నాన్న మొదటిసారి తాను కొని అందరికీ కుట్టించేకా, చర్చయ్యేక ఇంటికి పోకుండా ఊరంతా తిరిగేం. చూడండర్రా అని."

రూతు గౌను అంచు మెలిపెడుతూ నుంచుంది. అయినా వేరేది వద్దని మాత్రం అనలేదు.

అప్పటిదాకా గుమ్మం పక్కన నుంచున్న ప్రకాశరావు గారు దగ్గేరు. "సువార్తా, నాక్కూడా వేరేదే, తెల్లది చాలు. ఆ పువ్వుల చొక్కా తొడుక్కుని లెక్కలు చెప్తుంటే పిల్లలు బోర్డు కేసి చూట్టం లేదు."

"మీరూనా! ఇన్నేళ్ళూ నోరేమైందండీ?"

"అమ్మాయి ముందడగాలి కదా," అన్నారాయన, రూతు వెనక్కి ఒకడుగేసి.

బుల్లిరాజు గారి కత్తెర గాల్లోనే ఉండిపోయింది. "కొయ్యమంటారాండీ?"

"ఆ పచ్చది చంటికీ నాకూ కొయ్యండి. ఆయనకి తెల్లది. దీనికేం కావాలో దీన్నే అడగండి." ఆవిడ గోడకేసి తిరిగి కూచున్నారు.

రూతు పరుపెక్కి ఇది తీసి అది పడేసి, అది తీసి ఇంకోటి లాగి, కొట్టంతా కలియబెట్టేసింది. మళ్ళీ హారను. ఆఖరికి వంగపండు రంగు మీద సన్న చుక్కలది గుండెలకి హత్తుకుంది.

సువార్తమ్మ గారు ఉండబట్టలేక వెనక్కి తిరిగేరు. వేలు తడిచేసి గుడ్డ అంచు రుద్ది చూసేరు. "రంగు దిగుద్దేమోనండీ?"

"దిగదండి. నాది పూచీ."

"ఏమే, పాటయ్యేక స్టేజీ దిగి తిన్నగా మా వరసలోకే వచ్చి నుంచోవాలి."

"ఆయ్."

సువార్తమ్మ గారు కూతుర్ని కింద నుంచి పైదాకా ఓసారి చూసేరు.

"కాస్త ఎక్కువే కొయ్యండి బుల్లిరాజు గారూ. ఇది ఇంకా ఎదుగుద్ది."