చక్రం కింద చెక్క

నీళ్ళ ట్యాంకు మూత విప్పగానే బండి అడుగు నుంచి ధార మొదలైంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, ధార సన్నబడి చుక్కలుగా మారేదాకా కాచుకుని, మూత తిరిగి బిగించింది. నిండు ట్యాంకు అంటే ఒక మనిషి బరువు. ఏ పనీ ముట్టుకోకుండా, ఇతరుల ఖర్చు మీద ఊరంతా తిరిగివచ్చే మనిషి. అటువంటి వారిని దగ్గరి బంధువుల్లోనే చూసి ఉన్నది కనుక ఆ లెక్క ఆమెకు ఎవరూ నేర్పవలసిన అవసరం లేకపోయింది.

తరువాత లోపలికి ఎక్కి ఇనుప పెనాన్ని, మడత కుర్చీలను, నీడ కోసం బయట కట్టుకునే బరువైన గుడారపు గుడ్డను, ఎవరి పిల్లలో ఏరుకుని మంచం కింద మరిచిపోయిన గులకరాళ్ళ సంచిని ఒక్కొక్కటిగా దించింది. కప్పు మీద సామాను కట్టే చట్రాన్ని నిచ్చెన వేసుకుని విప్పింది. ఖాళీగా ఉన్నా అది గాలికి అడ్డుపడి డీజిలు తాగిస్తుంది. నాలుగు చక్రాలకూ గాలి పట్టించింది. అరవై దాటిన ఆ చేతులు సన్నగా, కణుపులు లేచి, గోళ్ళ అంచుల్లో ఎంత తోమినా పోని నలుపుతో ఉన్నాయి.

ఆ షెడ్డులో ఇళ్ళలాంటి బండ్లను అద్దెకిస్తారు. ముందు రెండు సీట్లు. వెనుక ఒక మంచం, గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, కిటికీలకు పరదాలు. సెలవులకు కుటుంబాలు తీసుకువెళ్ళి, తిరిగి తెచ్చి అప్పగిస్తాయి. అప్పగించిన బండిని కడిగి, దుప్పట్లు మార్చి, పొయ్యి వెలుగుతున్నదో లేదో చూసి, బంకుకు నడుపుకువెళ్ళి డీజిలు నింపి తేవడం ఆమె పని. ఇక్కడే డ్రైవరుగా ఉన్న భర్త నడుము విరిగి మంచాన పడినప్పుడు అతని పని తాను అందుకుంది. అతను పోయాక కూడా చేస్తూనే ఉంది. జీతం కాగితాల్లో మాత్రం ఆమె ఉద్యోగం పేరు నాటికీ నేటికీ ఊడ్చే మనిషి. బండి నడిపే మనిషిని డ్రైవరు అనాలని ఎవరికీ తోచలేదు. తోచకపోవడం కూడా ఒక రకం పొదుపే.

షెడ్డులో అన్నిటికన్నా పాతది ఈ బండి. గుండ్రటి ముక్కును, బూడిద రంగును, బరువైన నడకను చూసి ఎవరో దానికి గున్న అని పేరు పెట్టారు. కొత్త బండ్లకన్నా ఎక్కువ ఇంజనాయిలు తాగుతుంది. ఏటా ఏదో ఒక గొట్టం చిల్లుపడుతుంది. దాని విడిభాగాలు పాత సామాను అంగళ్ళలో తప్ప దొరకవు. నిన్న సాయంత్రం యజమాని తాళాలు బల్ల మీద పెడుతూ అన్నాడు.

“రేపు గున్న మైలేజీ తేల్చెయ్యి పెద్దమ్మా. లీటరుకి తొమ్మిది దాటిందా ఒక దారి, దాటలేదా ఇంకో దారి.”

“ఏ దారి బాబూ?”

“ముందు తేలనీ,” అని అతను ఫోను ఎత్తాడు.

నిరుడు ఇదే పరీక్షలో తప్పిన రెండు పాత బండ్లు తుక్కు కొట్టుకు పోయాయి. ఏ దారో ఆమె తనంతట తాను అర్థం చేసుకుంది.

గున్న పక్క తలుపుకు లోపలివైపు ఇత్తడి గడియ ఒకటి ఉంది. కొత్త బండ్లకు ఉన్నవి మీట నొక్కితే పడే తాళాలు. తాళంచెవి ఉన్న ఎవరైనా బయటి నుంచి తియ్యగలరు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె గున్నలోకి వెళ్ళి, ఆ గడియ వేసుకుని, కాసేపు వెల్లకిలా పడుకుంటుంది. నిద్రపోదు. పుట్టింట్లో అక్కచెల్లెళ్ళ వరుసలో చివరి చాప ఆమెది. అత్తవారింట్లో కొత్త దంపతులకు ఇచ్చినది సామాన్ల గది. ఏదో ఒక డబ్బా కోసం అత్తగారు వేళ కాని వేళ తలుపు తోసేది. ఇప్పుడు కూతురి ఇంట్లో హాల్లో మంచం. కూతురు మంచిదే, అల్లుడూ మంచివాడే. ఆ మంచివాళ్ళు ఆమె కాళ్ళు దాటుకుని వెళ్ళి టీవీ పెట్టుకుంటారు. ఒక జీవితకాలంలో ఒక మనిషి తన చేత్తో వేసుకోగలిగిన గడియ ఒక్కటే కావడం ఎవరికైనా చిన్న విషయంగా తోస్తే, వారి గదికి తలుపు ఉన్నదని అర్థం.

బంకు నేల ఎడమవైపుకు వాలి ఉంటుంది. గున్న డీజిలు ట్యాంకు మూతి కూడా ఎడమవైపే. అందువల్ల ట్యాంకు కుడి మూల నిండకముందే డీజిలు మూతిదాకా వచ్చి గొట్టం దానంతట అదే ఆగిపోతుంది. ఇది కనిపెట్టిన నాటి నుంచి ఆమె డ్రైవరు సీటు కింద ఒక చెక్కదిమ్మ ఉంచుకుంది. ఎడమ వెనుక చక్రాన్ని దాని మీదికి ఎక్కిస్తే బండి చదునుగా నిలుస్తుంది. ట్యాంకు నిజంగా నిండుతుంది. మైలేజీ చూడాలంటే వెళ్ళేముందు ఒకసారి, తిరిగి వచ్చాక మరొకసారి నింపుతారు. రెండోసారి పట్టినదే దారిలో ఖర్చయినది. కనుక రెండుసార్లూ చెక్క ఉండాలి. రెండుసార్లూ వేయడమే ఆమె నియమం. ఆ నియమాన్ని ఆమెకు ఎవరూ పెట్టలేదు.

“వచ్చిందమ్మా మా అక్క, పీటేసుకుని భోంచేసే బండిని తోలుకుని,” అంది డీజిలు పట్టే ఆమె.

“పీట వెయ్యకపోతే అర్ధాకలితో లేస్తుందే. నువ్వు పట్టు.”

“దీనికి నువ్వు కొసరి కొసరి పెట్టినట్టు మా ఆయనకి నేను పెట్టుంటే, ఈపాటికి ఇంటిపట్టునుండేవాడు.”

“ఉండి ఏం ఉద్ధరించేవాడు? మూతిదాకా పట్టు.”

చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఉత్త పాదంతో ఆమె బండిని ముందుకు కదిలించింది. నది మీది వంతెన దాకా వెళ్ళి తిరిగి రావడం ఎప్పుడూ వాడే దారి. ఎర్రదీపం దూరాన కనిపించగానే కాలు ఎత్తేసి, బండిని దాని జోరు మీదే నడవనిచ్చింది. బ్రేకు వేశావంటే అంతదాకా కాల్చిన డీజిలును రోడ్డు మీద పారబోసినట్టేనని భర్త అనేవాడు. అతను చెప్పిన వాటిలో పనికివచ్చిన మాట అదొక్కటే. వెనుక హారన్లు మోగాయి. పక్కకు వచ్చిన లారీవాడు తల బయట పెట్టి, “ఏం పెద్దమ్మా, దిగి తొయ్యమంటావా?” అని అరిచాడు. ఆమె కాలు ఎత్తినట్టే ఉంచింది.

తిరుగుదారిలో ఎదురుగాలి పట్టుకుంది. వంతెన వదిలాక వచ్చే ఎత్తు మీద ఇంజను గొంతు బరువెక్కింది; గేరు తగ్గించక తప్పలేదు. ఆ చప్పుడు విన్నాక లెక్కలు అక్కరలేదు. చెయ్యగలిగినదంతా చేసింది. ఎనిమిదిన్నర వస్తుంది. తొమ్మిది రాదు.

బంకులో డీజిలు పట్టే ఆమె గొట్టం పట్టుకుని నిలబడింది.

“పీటేదక్కా?”

“ఇవాళొద్దులే.”

“అదేంటి?”

“పట్టవే.”

ఆమె ముఖం చూసి అవతలి మనిషి గొట్టాన్ని ట్యాంకు మూతిలో పెట్టింది. గొట్టం కొద్దిసేపటికే ఆగిపోయింది. ట్యాంకు కుడి మూలలో ఖాళీగా మిగిలినది లెక్క ప్రకారం ఖర్చు కానట్టే. డ్రైవరు సీటు కింద చెక్క ఉన్నచోటే ఉంది. ఇన్నేళ్ళలో ఆమె చేసిన మొదటి తప్పు కొలత అది.

షెడ్డు గుమ్మంలో యజమానితోపాటు ఒక భార్యాభర్తల జంట నిలబడి ఉంది. రసీదు చేతికందగానే అతను ఫోనులో లెక్క కట్టి గట్టిగా నవ్వాడు.

“తొమ్మిదిన్నర! చూశారా, ఏమన్నాను? పెద్దమ్మా, బతికించావు. తొమ్మిది దాటితేనే కొంటామన్నారు వీళ్ళు. దాటకపోతే దీన్నెవరు తీసుకుంటారు? తుక్కువాడు కూడా ఈసారి వద్దన్నాడు. పాత టైర్లు దీన్లో పడేసుకుంటూ ఇక్కడే ఓ మూల ఉంచుకోవాల్సొచ్చేది.”

ఇక్కడే ఓ మూల. ఈ మాట నిన్న సాయంత్రం చెప్పడానికి అతనికి పట్టే కాలం ఎంత? అతను చెడ్డవాడు కాడు. దాచిపెట్టలేదు; చెప్పవలసిన మనిషి అక్కడ ఉన్నదని అనుకోలేదు, అంతే.

“మామూలుగా అంత రాదు బాబూ,” అంది ఆమె.

“అదేంటి?”

“రెండోసారి చెక్క వెయ్యలేదు. ట్యాంకు పూర్తిగా నిండలేదు.”

“ఏ చెక్క?”

ఆమె వెళ్ళి సీటు కింద నుంచి దిమ్మను తీసి, రెండు చేతులా పట్టుకుని తెచ్చి చూపింది. బంకు నేల వాలును, ట్యాంకు మూతిని, కుడి మూల ఖాళీని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కొనేవాడు మర్యాదగా విన్నాడు. యజమాని అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“ఇన్నేళ్ళు కడిగింది కదండీ, మమకారం. వదల్లేక ఏవో చెబుతోంది. పెద్దమ్మా, ఆ చెక్క తీసేశావు, మంచి పని చేశావు. లోపల చెత్తేమీ ఉండకూడదు.”

కొనేవాడి భార్య అప్పటికే వెనుకవైపుకు ఎక్కి పరదాలు జరిపి చూస్తోంది. పక్క తలుపు తీసి, వేసి, మళ్ళీ తీసింది.

“ఏమండీ, దీనికి లోపల గడియుంది. ముందిది పీకించాలి. పిల్లలు పెట్టేసుకుంటే తియ్యలేం.”

“రేపే పీకిద్దాం,” అన్నాడు భర్త.

ఆమె దిమ్మను కింద పెట్టి, చేతులు చీరకు తుడుచుకుంది. తనలో తాను చెప్పుకుంటున్నంత నెమ్మదిగా, “నీళ్ళ ట్యాంకు నింపుకుని తిరక్కండమ్మా. చక్రాల్లో గాలి తగ్గనివ్వకండి,” అంది.

సంతకాలు అయ్యాయి. గున్న మొదటి గేరులో కాస్త మూలిగి, గేటు దగ్గర అవసరం లేకుండా బ్రేకు పడి ఆగి, మళ్ళీ కదిలి, మలుపు తిరిగింది. యజమాని ఫోను ఎత్తుకుని లోపలికి వెళ్ళాడు. మధ్యాహ్నం అన్నం వేళ అయింది. ఆమె చీపురు తీసుకుని, బండి నిలిచే చోట మిగిలిన నూనె మరకల మీద రంపపు పొట్టు చల్లి, ఊడ్చి, చీపురును గోడకు ఆనించి, తిన్నగా గేటు దాటి వెళ్ళిపోయింది. టిఫిను డబ్బా విప్పలేదు. మరునాడు ఆమె రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు.

శుభ్రంగా ఊడ్చిన ఆ నేల మధ్య, డీజిలు పీల్చి నల్లబడి, టైరు చారలు అచ్చుపడిన చెక్కదిమ్మ ఒక్కటి, ఆమె పెట్టిన చోటనే చదునుగా ఉండిపోయింది.